సంకల్పం గొప్పది, సరుకే నాసిరకం

తెలుగునాట ప్రభుత్వ సొమ్ముతో జరిగే ప్రతి పనికీ ఏదో ఒక లెక్క ఉంటుంది. రోడ్డు వేస్తే మెజర్‌మెంట్ బుక్కు రాయాలి. అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తే రిజిస్టర్లో ఎక్కించాలి. బళ్లో మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారో యాప్‌లో నమోదు చేయకపోతే హెడ్మాస్టరుకు మెమో వస్తుంది. లెక్కాపత్రం అక్కర్లేనిది ఒక్కటే, సదుద్దేశం. దాన్ని కాగ్ తనిఖీ చేయదు, కోర్టు కొలవదు, ఓటరు తూకం వేయడు. నాయకుడు మైకు ముందు గొంతు గద్గదం చేసుకుని అక్కచెల్లెమ్మల కన్నీళ్లు తుడుస్తానన్నాడంటే పని సగం అయిపోయినట్టే. చప్పట్లు మోగితే మిగతా సగమూ అయిపోయినట్టే. ఆ తర్వాత కన్నీళ్లు ఆగాయా లేదా అని ఆరా తీసినవాడు రాతిగుండె మనిషి.

మన దగ్గర సదుద్దేశాలకు కరువు లేదు. వాటిలో దాదాపు తొంభై ఏళ్ల నుంచీ పోతూ వస్తూ మన గడప తొక్కుతున్నది ఒకటుంది. మద్యనిషేధం. రాజ్యాంగం 47వ అధికరణలో దానికి చోటిచ్చింది. మద్యాన్ని నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలంది. ప్రయత్నించాలనే అంది, సాధించి తీరాలని అనలేదు. మనవాళ్లకు ఆ సందు చాలు. ఒకాయన మూసి ప్రయత్నిస్తాడు. ఒకాయన తెరిచి ప్రయత్నిస్తాడు. ఇంకొకాయన మూసేస్తున్నానని చెబుతూ తానే గల్లాపెట్టె దగ్గర కూర్చుని ప్రయత్నిస్తాడు.

తొలి ప్రయత్నం రాజాజీది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని కాగానే సొంత జిల్లా సేలంలో మొదలుపెట్టారు. మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాల వంతు వచ్చింది. ఆయన నిజాయతీని అప్పుడూ ఎవరూ శంకించలేదు, ఇప్పుడు నేనూ శంకించను. అయితే అబ్కారీ రాబడి ఆగితే ఖజానా గతేమిటి? అందుకని 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. దేశంలో సరుకులన్నిటి మీదా అమ్మకపు పన్ను వేయడం దాంతోనే మొదలు. తాగేవాడు మానేస్తున్నాడు కాబట్టి తాగనివాడు పన్ను కట్టాలన్నమాట. మంచిపనికి చందా అనుకుని జనం కట్టారు. తర్వాత నిషేధం పోయింది. పన్ను పోలేదు. వ్యాట్ అని పేరు మార్చుకుంది. జీఎస్టీ వచ్చి ఆస్తులన్నీ లాక్కున్నాక పెట్రోలు బంకులోనూ మందు దుకాణంలోనూ తలదాచుకుంది. సారా డబ్బు లేని లోటు పూడ్చడానికి పుట్టిన పన్ను ఇవాళ మందు సీసాను పట్టుకుని బతుకుతోంది. ఇంత చక్కటి వెటకారం నావల్ల అయ్యేది కాదు. చరిత్రే రాసిపెట్టింది.

రెండో ముచ్చట ఇంకా పొట్టిది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు ఉమ్మడి ఆస్తిలో వాటాగా నిషేధమూ వచ్చింది. అది పనిచేయడం లేదని ఊరూరా తెలుసు. ఎస్.వి. రామమూర్తి కమిటీ విచారించి అదే మాట చెప్పింది, ఎత్తేయమంది. గీత పని పోయి కుటుంబాలు వీధిన పడ్డాయని గౌతు లచ్చన్న పోరాడారు. ప్రభుత్వం నాన్చింది. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం పెడితే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి ఎదురుగా ఛాతీ చూపించిన మనిషి సీసా దగ్గర ఓడిపోయారు. దీన్నుంచి మన రాజకీయం నేర్చుకున్న నీతి ఒకటే. కమిటీ వేయకు, వేసినా నివేదిక చదవకు.

ఇక 1980లకు వద్దాం. కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ప్రభుత్వమే ప్లాస్టిక్ ప్యాకెట్లలో సారా నింపి పల్లెలకు పంపింది. ఆ కార్యక్రమం పేరు వారుణి వాహిని. వినేవాళ్లు సాగునీటి పథకమనుకోవాలి. నిజానికి వాహిని పారిన మాటా నిజమే, పొలాలకు కాదు. బియ్యం రేషన్ కార్డు మీద ఇంటికి వచ్చేది, ఆ మిగులు డబ్బు సారా ప్యాకెట్ మీద తిరిగి ఖజానాకు వెళ్లేది. మధ్యలో ఒక ఆడమనిషి దెబ్బలు తినేది. కుడిచేతి సదుద్దేశాన్ని ఎడమచేత్తో వసూలు చేసుకునే ఈ ఏర్పాటుకు అప్పుడే పునాది పడింది. తర్వాత వచ్చినవాళ్లు దాని మీద అంతస్తులు కట్టారు, అంతే.

ఈ మొత్తం కథలో ఫలితం గురించి మాట్లాడినవాళ్లు ఒక్కరే, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. అక్షరాస్యత తరగతులకు రాత్రిపూట లాంతరు పట్టుకుని వచ్చిన కూలి మనుషులు. వాచకంలో తమ కథే ఉన్న పాఠం చదివారు. చదివింది చాలుననుకుని వెళ్లి సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి చీపుర్లు, కారప్పొడి ఉద్యమ సామగ్రి అయ్యాయి. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. వాళ్లు ఏమడిగారో ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. సమాజం నుంచి మద్యరక్కసిని పారదోలమని అడగలేదు, ఆ భాష మనది, మైకులది. వాళ్లడిగింది మా ఊళ్లో ఈ దుకాణం ఉండకూడదని, మొగుడి కూలి డబ్బు ఇంటికి రావాలని. శనివారం సాయంత్రం డబ్బు చేతిలో పడిందా లేదా అన్నదే వాళ్ల కొలబద్ద. ఏ ప్రణాళికా సంఘమూ ఇంత తేటగా ఒక లక్ష్యాన్ని రాసుకోలేదు.

దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు చూడండి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. సారానే, మిగతాది కాదు. మొలాసిస్‌లోంచి తీసిన స్పిరిట్ రంగు లేకుండా ప్యాకెట్లో ఉంటే పాపం. అదే స్పిరిట్‌కు రంగూ వాసనా కలిపి సీసాలో పోసి లేబుల్ అంటిస్తే రాజముద్ర గల సరుకు. సారా తాగేవాడు చీప్ లిక్కర్‌కు మారాడు. ధర పెరిగింది, కూలి పెరగలేదు. ఇంటికి వచ్చే డబ్బు పెరగాలని ఆడవాళ్లు అడిగితే, ఇంటి నుంచి పోయే డబ్బు పెరిగింది. ఆ సారా నిషేధం ఘనత గురించి ఇప్పటికీ సభల్లో చెప్పుకుంటారు.

1994 డిసెంబరు 12న లాల్‌బహదూర్ స్టేడియంలో ఎన్టీఆర్ ప్రమాణం చేసి అక్కడే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. తెలుగు రాజకీయాల్లో తొలి సంతకమనే తంతుకు అంత వైభవం ఆ రోజుతోనే వచ్చింది. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. స్టేడియం లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు యానాం దాకా వినపడి ఉంటాయి. గోదావరి జిల్లా మధ్యలో పుదుచ్చేరి జెండా ఎగిరే ఆ చిన్న ఊరికి ఫ్రెంచివాళ్లు ఇంత అదృష్టం రాసిపెట్టారని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దుల వాళ్లకూ లోటు జరగలేదు. ఊళ్లలో నల్లబెల్లం, పటిక ధర పలికాయి. డబ్బున్నవాడికి ఆరోగ్యరీత్యా పర్మిట్ దొరికింది. మన రాష్ట్రంలో పెద్దమనుషుల ఆరోగ్యం ఎంత సున్నితమో అప్పుడే తెలిసివచ్చింది.

1997 ఏప్రిల్ 1న నిషేధం ఎత్తేశారు. తేదీ నేను ఎంచలేదు. కారణం ఏమన్నారు? ఖజానా ఖాళీ, దొంగసారా పెరిగింది, సంక్షేమానికి డబ్బు కావాలి. ఇదీ సదుద్దేశమే. పెట్టిన రోజున ఆడపడుచుల కోసం, ఎత్తేసిన రోజున పేదల కోసం. మధ్యలో రెండేళ్ల పైచిలుకు కాలం గడిచింది కదా, ఆ కాలంలో కూలి ఇళ్లలో పొయ్యి వెలగడం మెరుగైందా? ఒళ్లు కాలి ఆసుపత్రికి వచ్చే కోడళ్ల సంఖ్య తగ్గిందా? బడి మానేసిన పిల్లలు తిరిగి వెళ్లారా? చట్టం పెట్టేటప్పుడే ఈ లెక్కలు కట్టే ఏర్పాటు ఉంటే, ఎత్తేసేటప్పుడు వాటిని బల్ల మీద పెట్టి వాదించుకునేవాళ్లం. మనం మాత్రం రాబడి నష్టం కోట్లలో చెప్పుకున్నాం, లాభం కన్నీళ్లలో చెప్పుకున్నాం. ఈ రెండూ ఏ తక్కెడలోనూ తూగవు కాబట్టి ఇద్దరూ గెలిచారు.

ఇక్కడ బెల్టు షాపు అనే జీవి గురించి చెప్పాలి. లైసెన్సు ఉన్న దుకాణం నుంచి సరుకు తెచ్చి ఊళ్లో కిరాణా కొట్టులోనో ఇంటి వసారాలోనో ఎమ్మార్పీ మీద పదో ఇరవయ్యో వేసుకుని అమ్మే చోటది. చట్టంలో దానికి చోటు లేదు, ఊళ్లో అది లేని వీధి లేదు. 2014 జూన్‌లో చంద్రబాబు ప్రమాణ స్వీకారం రోజు పెట్టిన ఐదు సంతకాల్లో ఒకటి బెల్టు షాపుల రద్దు మీద. అవి రద్దయ్యాయి. ఐదేళ్ల తర్వాత జగన్ ప్రభుత్వం వచ్చి 43 వేల బెల్టు షాపులు ఎత్తేశామని ప్రకటించింది. అవీ పోయాయి. 2024లో మళ్లీ చంద్రబాబు వచ్చి బెల్టు షాపుకు సరుకు ఇస్తే ఐదు లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని హెచ్చరించారు. రద్దయినవి 43 వేలుగా ఎలా మిగిలాయి, ఎత్తేసిన 43 వేలు మళ్లీ హెచ్చరిక అందుకునేదాకా ఎలా బతికాయి అని ఏ విలేకరి అయినా అడిగాడేమో గానీ, జవాబు మాత్రం నేను వినలేదు. పురాణాల్లో రక్తబీజుడికి కూడా ఇన్నిసార్లు ప్రభుత్వ ఉత్తర్వులు అందలేదు.

2019 నుంచి 2024 దాకా నడిచిన ప్రయత్నం దగ్గర కాస్త ఆగుదాం. సదుద్దేశ చరిత్రలో అది మహాకావ్యం. ఎన్నికల మాట ఏమిటి? దశలవారీగా తగ్గించి 2024 నాటికి మద్యాన్ని ఫైవ్ స్టార్ హోటళ్లకే పరిమితం చేస్తాం. ఐదు నక్షత్రాల హోటల్లో తాగేవాడి పెళ్లాం ఏడవదని కాబోలు. 2019 అక్టోబరు నుంచి ప్రైవేటు దుకాణాలు తీసేసి ప్రభుత్వమే అమ్మడం మొదలుపెట్టింది. 4,380 దుకాణాలు 3,500 అయ్యాయి, తర్వాత 2,934 అయ్యాయి. సూపర్‌వైజర్ ఉద్యోగానికి డిగ్రీ కావాలన్నారు. నిరుద్యోగ సమస్యకూ మద్యపాన సమస్యకూ ఒకే కౌంటరు మీద పరిష్కారం దొరికింది. పక్కన మద్య విమోచన ప్రచార కమిటీ కూడా ఉంది. ఒక శాఖ అమ్ముతుంది, ఇంకొక శాఖ కొనవద్దంటుంది, జీతం ఇద్దరికీ ఒకే ఖజానా నుంచి.

2020 మేలో లాక్‌డౌన్ సడలించి దుకాణాలు తెరిచినప్పుడు ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచారు. ధర షాక్ కొడితే తాగుడు తగ్గుతుందన్నది సిద్ధాంతం. తెరిచిన నాటి క్యూలను అదుపు చేయడానికి విశాఖ జిల్లాలో ప్రభుత్వ బడి పంతుళ్లకు డ్యూటీ వేశారు. మాస్టారు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో నిద్రపోయినవాడు ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ఎదుటే వరుసలో బుద్ధిగా నిలబడ్డాడు. విద్యావ్యవస్థ ఫలితం మాత్రం ఆ రోజు కళ్లారా కనపడింది.

ధర పెరిగాక ఏమైందో ప్రభుత్వమే రాసింది. ఆ జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కరోనా కట్టడితో అక్కడి దుకాణాలు మూతపడ్డాయి, ధర ఎటూ అందేది కాదు. సెప్టెంబరులో తక్కువ రకం సీసాల ధర తగ్గిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పేదలు శానిటైజర్‌కూ నాటుసారాకూ మళ్లుతున్నారని కారణం చూపింది. మంచిదే, తప్పు దిద్దుకున్నారు. కానీ నాలుగు నెలల కిందట ఇదే మాట అన్నవాళ్లను ఏమన్నారో గుర్తుందా? మద్యం మాఫియా మనుషులన్నారు. మాఫియా చెప్పిన సంగతే తర్వాత ప్రభుత్వ ఉత్తర్వులో కారణంగా కూర్చుంది.

తెలంగాణ నుంచి సీసాలు తెచ్చుకున్నవాళ్ల మీద కేసులు పెడితే హైకోర్టు మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చంది. జగ్గయ్యపేట వైపు చెక్‌పోస్టు దగ్గర సీసాలు లెక్కపెట్టడం పోలీసు ఉద్యోగంలో భాగమైంది. పట్టుకున్న సీసాలను వరసగా పేర్చి రోడ్డురోలరుతో తొక్కించి ఫొటోలు తీయించుకున్నారు. ఆ రోలరు అంత శ్రద్ధగా రోడ్ల మీద తిరిగి ఉంటే గుంతలన్నా పూడేవి. దుకాణంలో మాత్రం అడిగిన బ్రాండు ఉండదు, ఉన్న బ్రాండు పేరు ఎప్పుడూ విన్నది కాదు. ఢిల్లీ ఇవ్వని స్పెషల్ స్టేటస్ ఇక్కడ బ్రాండు పేరై క్వార్టర్ సీసాలో దొరికేది. ఆ బ్రాండ్లకు అనుమతి ఇచ్చింది మీరంటే మీరని రెండు పార్టీలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. ఆ వ్యాపారం మీద కేసులు ఇప్పుడు కోర్టుల్లో ఉన్నాయి, అది వాళ్లు తేలుస్తారు.

కావ్యానికి పతాక సన్నివేశం అసలు దుకాణంలో జరగలేదు, అప్పుల కాగితాల మీద జరిగింది. 2021లో చట్టం సవరించి అమ్మ ఒడి, ఆసరా, చేయూత పథకాల అమలును మద్యం అమ్మే సర్కారు సంస్థ బెవరేజెస్ కార్పొరేషన్ పనుల్లో చేర్చారు. మొగుడు తాగిన డబ్బు పెళ్లాం ఖాతాలో పడుతుంది, బటన్ నొక్కినవాడికి దండాలు పడతాయి. 2022 జూన్‌లో అదే కార్పొరేషన్ మున్ముందు వచ్చే మద్యం రాబడిని చూపి బాండ్ల మీద 8,305 కోట్లు అప్పు తెచ్చింది. ఒక ప్రభుత్వం రెండేళ్లలో మద్యం ఉండదని ఆడవాళ్లకు మాటిచ్చింది. అదే ప్రభుత్వం ఏళ్ల తరబడి మద్యం ఉంటుందని మదుపరులకు రాసిచ్చింది. ఆడవాళ్లకు ఇచ్చింది నోటిమాట, మదుపరులకు ఇచ్చింది స్టాంపు కాగితం. ఏది నిలిచిందో చెప్పక్కర్లేదు.

న్యాయంగా ఒక మాట అనాలి. దుకాణాలు తగ్గాయి, అమ్మిన సీసాలూ తగ్గాయని ఆ ప్రభుత్వం చెప్పుకుంది. అయితే వాళ్లు ఎన్నికలకు వెళ్లినప్పుడు ఏ ఇంట్లో ఎన్ని దెబ్బలు తగ్గాయో చెప్పి ఓటు అడగలేదు, చెప్పడానికి లెక్క ఉంటే కదా. ఎదుటి పార్టీ నాణ్యమైన మందు, తక్కువ ధర అని మాటిచ్చింది. గెలిచింది. 1994లో మద్యం తీసేస్తానని గెలిచిన పార్టీయే ముప్పై ఏళ్ల తర్వాత మంచి మద్యం ఇస్తానని గెలిచింది. రెండుసార్లూ ఉద్దేశం పేదవాడి ఆరోగ్యమే.

2024 అక్టోబరులో 3,396 దుకాణాలకు లాటరీ తీశారు. 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, దుకాణం రాకపోతే తిరిగి ఇవ్వరు. సీసా మూత తీయకముందే సర్కారుకు దాదాపు 1,800 కోట్లు చేరాయి. 99 రూపాయలకు క్వార్టర్ దొరుకుతుందన్నారు. తెలంగాణ ఈ విషయంలో అన్నగారు: 2023లో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు, 2,600 కోట్ల పైచిలుకు రాబడి. అక్కడ గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం దుకాణాలు రిజర్వు. ఇక్కడ గీత కులాలకు 340 దుకాణాలు. తాటిచెట్టు ఎక్కేవాడి పొట్టకొట్టిన సీసాలోనే అతనికి వాటా ఇస్తే సామాజిక న్యాయం పూర్తయినట్టు. తిరిగిరాని రెండు లక్షలు పెట్టుబడిగా పెట్టగలిగిన గీత కార్మికుడు ఏ చెట్టు మీద ఉన్నాడో చూపించమని మాత్రం అడగకండి. అడిగితే మీరు బీసీల వ్యతిరేకి.

పొరుగు కథ ఒకటి చెప్పి మన గొడవకు వద్దాం. బిహార్ 2016 ఏప్రిల్ నుంచి ఎండిపోయింది, కాగితం మీద. పట్టుకున్న లక్షల లీటర్ల మద్యం ఏమైందంటే ఎలుకలు తాగేశాయని పోలీసులు చెప్పారు. ఆ చట్టం వల్ల హైకోర్టు బెయిలు దరఖాస్తులతో నిండిపోయిందని, ముందుచూపు లేని చట్టానికి అది ఉదాహరణ అని భారత ప్రధాన న్యాయమూర్తి హోదాలో జస్టిస్ ఎన్.వి. రమణ 2021 డిసెంబరులో చెప్పారు. చెప్పింది ఎక్కడనుకున్నారు? విజయవాడలో. అప్పుడు ఆ ఊరి దుకాణాల్లో సర్కారు సూపర్‌వైజర్లు కూర్చుని ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో మద్యం తాగే మగవాళ్లు మహారాష్ట్రలో 13.9 శాతం, నిషేధం ఉన్న బిహార్‌లో 15.5 శాతం అని తేలింది. ఆంధ్రలో 23.3, తెలంగాణలో 43.3.

ఈ అంకెలు చూసి నిషేధం దండగని ఎగిరి గంతేసే జూబ్లీహిల్స్ స్వేచ్ఛావాదులు కాస్త కూర్చోండి. బిహార్ నిషేధం వల్ల రోజూనో వారంవారమో తాగే అలవాటు 24 లక్షల మందిలో తప్పిందని, భర్త చేతి హింసకు గురయ్యే ఆడవాళ్ల సంఖ్య సుమారు 21 లక్షలు తగ్గిందని 2024లో లాన్సెట్ ప్రాంతీయ పత్రికలో ఒక అధ్యయనం అంచనా కట్టింది. నిజమైతే చిన్న విషయం కాదు, దూబగుంట అడిగింది అదే. దొంగసారాతో పోయిన ప్రాణాలు, జైళ్లలో మగ్గిన పేదవాళ్లు ఒకవైపు, ఇది ఒకవైపు పెట్టి చూడాల్సిన లెక్క. మరి మన స్టూడియోల్లో నిషేధం కావాలనేవాళ్లు దీన్ని పట్టుకుని ఎందుకు వాదించరు? వద్దనేవాళ్లు దీనికి జవాబు ఎందుకు చెప్పరు? ఎందుకంటే ఫలితం మంచిదైనా మనకు అక్కర్లేదు, చెడ్డదైనా అక్కర్లేదు. మనం మనసులను విచారిస్తాం, ఇళ్లను కాదు.

చర్చ ఎలా నడుస్తుందో చూడనివాళ్లు లేరు. ఒకాయన దుకాణాలు మూస్తే సరిహద్దు దాటి సరుకు వస్తుంది కదండీ అంటాడు. ఎదుటాయన మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా అంటాడు. సరే, తెరిస్తే నియంత్రణ ఎలాగండీ అంటే, మీకు పేదల సంక్షేమ పథకాలు ఇష్టం లేదా అని ఇంకొకాయన లేస్తాడు. ప్రశ్న వేసినవాడు రాత్రి తొమ్మిదికి ఆడవాళ్ల శత్రువు, తొమ్మిదిన్నరకు పేదల శత్రువు. పదింటికి యాంకర్ సమయాభావం అంటుంది. ఈ ఆటలో ఎవరూ ఓడిపోరు, ఎందుకంటే అందరూ ఉద్దేశాల మీదే ఆడుతున్నారు. ఓడిపోయేవాళ్లు ఆ గంటలో వంటింట్లో ఉంటారు, మొగుడు ఇంకా రాలేదని.

మద్యం ఒక్కటే ఇలా అనుకోకండి. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులకు తాళలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయని ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. వేధింపు ఆగాల్సిందే, సందేహం లేదు. వేధింపుతో పాటు అప్పూ ఆగింది. అప్పు ఆగినంత మాత్రాన అవసరం ఆగదు కాబట్టి నూటికి ఐదు, పది వడ్డీ పాత మనిషి మళ్లీ అరుగు మీదకు వచ్చాడు. ఆయన వేధింపుకు ఆర్డినెన్సు వర్తించదు, ఆయన గ్రామ పెద్ద. అది ఇంకో రోజు రాయాల్సిన కథ.

నా ఫిర్యాదు మంచి మనసు మీద కాదు. మంచి మనసున్న నాయకుడు దొరకడమే కష్టమైన రోజుల్లో దాన్ని వెక్కిరించడం పాపం. కానీ ఆ మనసు ముప్పై ఏళ్లుగా ఒకే పని చేస్తోంది, తన మంచితనాన్ని తాను చూసుకుని మురిసిపోవడం. నిషేధం పెట్టినవాడు ఏ లెక్క చూసి ఇది పనిచేసిందనుకుంటాడో ముందుగా చెప్పలేదు. ఎత్తేసినవాడూ చెప్పలేదు. ధర పెంచినవాడు, తగ్గించినవాడు, బాండ్లు రాసినవాడు, లాటరీ తీసినవాడు, ఎవరూ చెప్పలేదు. చెబితే దానికి కట్టుబడాలి. సంతకం ఒక్కరోజు పని, కట్టుబాటు ఐదేళ్ల పని.

2028లో తెలంగాణలో, 2029లో ఆంధ్రలో మళ్లీ ఎవరో ఒకరు పెన్ను పట్టుకుని వస్తారు. మూయడానికో, తెరవడానికో, మధ్యేమార్గంగా సగం మూసి పూర్తిగా అమ్మడానికో. ఆ పెన్ను మూత తీయకముందే అడగండి: ఏ ఊళ్లో, ఎప్పటికి, ఏది ఎంత తగ్గితే మీరు చెప్పింది జరిగినట్టు? తగ్గకపోతే ఏం చేస్తారు? అక్కచెల్లెమ్మల కన్నీళ్లు అని మొదలుపెడితే మధ్యలో ఆపండి. ఈలోపు మీరొక పని చేయండి. మీ ఊళ్లో బెల్టు షాపులు ఎన్నున్నాయో, ఎవరి వసారాలో ఉన్నాయో తెలియనివాళ్లు లేరు. ఆ సంఖ్య ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, వచ్చే గ్రామసభలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆరు నెలలు పోయాక మళ్లీ లెక్కపెట్టి, రెండో కాగితం ఇచ్చి, దానికీ రసీదు అడగండి.